గొంగళి నుంచి కోక దాకా: రూపాంతరం అన్న పోలికను ఎంతవరకు నమ్మవచ్చు

ముందుగా మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు చెబుతాను. తండ్రిగారు పోయిన తరువాత మీరు ఒక ఆశ్రమ శిబిరానికి వెళ్ళారు. గొంగళిపురుగు గూటిలో పూర్తిగా కరిగి ద్రవమైపోతుందనీ, ఆ ద్రవం నుంచి సీతాకోకచిలుక సరికొత్తగా పుడుతుందనీ, సాధకుడిలోని పాత మనిషి కూడా అలాగే ఆనవాలు లేకుండా పోవాలనీ అక్కడి ప్రవచనకర్త చెప్పారు. రెండేళ్ళుగా క్రమం తప్పకుండా ధ్యానం చేస్తున్నా, ఆస్తి పంపకాలప్పుడు అన్నగారి మీద కలిగిన కోపం చెక్కుచెదరలేదు. ఇంట్లోవాళ్ళు "ఏం మారారు మీరు?" అంటున్నారు. ఈ పోలికలో నిజం ఎంత, మన గ్రంథాలలో దీనికి ఆధారం ఉందా, ఒక ఏడాదిపాటు అందరికీ దూరంగా వెళ్ళి "గూడు కట్టుకుంటే" తప్ప ఇది తెమలదా అని అడిగారు.

నేను ముప్పై ఏళ్ళకు పైగా డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం చెప్పినవాణ్ణి. పదవీ విరమణకు చాలా ముందు నుంచే సాయంత్రాలు ఒక పండితుల దగ్గర ఉపనిషత్ పాఠం వింటున్నవాణ్ణి కూడా. మీరు విన్న పోలిక పురుగు విషయంలో సగమే నిజం. చెప్పకుండా వదిలేసిన ఆ రెండో సగమే మీకు పనికివచ్చేది.

మా పెరటి కరివేపాకు చెట్టు మీద ప్రతి వానాకాలమూ నల్ల రెక్కలకు తెల్లని మచ్చల వరుస ఉన్న సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. పిల్ల పురుగులు అచ్చం పిట్ట రెట్టలా ఉంటాయి. నాలుగుసార్లు చర్మం విడిచాక ఆకుపచ్చగా మారతాయి. వేలితో తాకితే తల వెనక నుంచి ఎర్రటి రెండు కొమ్ములు బయటికి చాచి ఘాటైన వాసన వదులుతాయి. ఎదుగుదల పూర్తయిన పురుగు ఒకనాడు మేత మానేస్తుంది. కడుపులో మిగిలినదంతా పలచగా విసర్జించి, కొమ్మల వెంట కాసేపు తిరిగి, నచ్చిన చోట తోక దగ్గర ఒక పట్టు మెత్త అల్లి, నడుము చుట్టూ ఒక పోగు బిగించుకుని, కొమ్మకు చేరగిలబడి ఉండిపోతుంది. మర్నాటికి తల వెనక చర్మం చిట్లి, మేజోడు జారినట్టు తోక వైపుకు జారిపోతుంది. లోపల నుంచి బయటపడేదే ప్యూపా.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. ఒకటి, సీతాకోకచిలుక గూడు కట్టుకోదు. మనం గూడు అనుకునేది ఆ పురుగు ఆఖరి చర్మం కింద అప్పటికే తయారై ఉన్న మరో చర్మం. పట్టుదారంతో గూడు అల్లుకునేవి పట్టుపురుగు వంటి శలభ (ఇంగ్లీషులో మాత్) జాతులు. ఆ సంగతికి తరువాత వస్తాను. రెండోది మరింత ముఖ్యం. అప్పుడే బయటపడిన ప్యూపాను భూతద్దంతో చూస్తే, దాని పైపొర మీద మడిచిన రెక్కల రూపురేఖ, స్పర్శశృంగాల (తల మీది మీసాల్లాంటి అవయవాల) గీతలు, తేనె పీల్చే తొండం జాడ స్పష్టంగా కనిపిస్తాయి. అంటే, మీ ప్రవచనకర్త చెప్పిన "కరగడం" ఇంకా మొదలైనా కాకముందే రెక్కలకు చోటు ఏర్పడిపోయింది.

ఈ విషయం కనిపెట్టినది ఈ కాలపు శాస్త్రం కాదు. 17వ శతాబ్దంలో హాలండుకు చెందిన యాన్ స్వామర్‌డామ్, ఎదిగిన గొంగళిపురుగు చర్మాన్ని జాగ్రత్తగా ఒలిచి, లోపల ముడుచుకుని ఉన్న రెక్కలను తన కాలపు పండితులకు చూపించాడు. ఒక ప్రాణి చచ్చి మరొకటి పుడుతుందన్న ఊహను ఆయన అంగీకరించలేదు. పురుగు, సీతాకోకచిలుక ఒకే ప్రాణి అని వాదించాడు. తరువాతి శాస్త్రం ఆయన మాటకు వివరాలు చేర్చింది. రెక్కలు, కళ్ళు, స్పర్శశృంగాలు ఏ కణాల నుంచి రావాలో ఆ కణాలు చిన్న చిన్న మొగ్గల్లాంటి గుత్తులుగా పురుగు దేహంలోనే ఉంటాయి. వాటిని ఇమాజినల్ డిస్క్‌లు అంటారు. ఆకులు నమలడానికి ఉపయోగపడిన కండరాలూ జీర్ణనాళంలో చాలా భాగమూ ప్యూపాలో నిజంగానే విచ్ఛిన్నమై కొత్త అవయవాలకు ముడిసరుకు అవుతాయి. కానీ శ్వాసనాళాలు, గుండె, నాడీవ్యవస్థ చెరిగిపోవు. వాటికి మార్పులూ చేర్పులూ జరుగుతాయి. 2013లో ఎక్స్-రే స్కానింగ్‌తో సజీవ ప్యూపాలను రోజురోజుకూ చిత్రించిన పరిశోధకులకు, మొదటి రోజుల నుంచే శ్వాసనాళాల అమరిక కనిపించింది. లోపల ఉన్నది సాంబారు కాదన్నమాట.

ప్రేరణ ప్రసంగాలలో దీని మీద మరో కథ కూడా ప్రచారంలో ఉంది: ఈ కొత్త కణాలను పురుగు దేహం శత్రువులుగా భావించి చంపుతుందట, అవి ఒకదానినొకటి పిలుచుకుని జట్టుకట్టి చివరికి గెలుస్తాయట. వినడానికి బాగుంటుంది గానీ జీవశాస్త్రంలో అటువంటి యుద్ధం ఏదీ నేను చదవలేదు, చెప్పలేదు. ఆ మొగ్గలు పురుగు తిన్న తిండితోనే పెరుగుతాయి, పురుగు రక్తంలోనే మునిగి ఉంటాయి. మీలోని పాత మనిషికీ కొత్త మనిషికీ కురుక్షేత్రం జరగాలని ఎవరైనా చెబితే, దానికి గొంగళిపురుగును సాక్ష్యం పిలవవద్దని మాత్రం చెప్పండి.

మరి మార్పు ఎప్పుడు వస్తుంది? దీన్ని మా విద్యార్థులకు పట్టుపురుగుతో చెప్పేవాణ్ణి, ఎందుకంటే హిందూపురం వైపు నుంచి వచ్చిన పిల్లలకు నా కంటే బాగా తెలిసిన పురుగు అది. ఇరవై నాలుగు, ఇరవై అయిదు రోజులలో పట్టుపురుగు పుట్టినప్పటి కంటే సుమారు 10,000 రెట్లు బరువు పెరుగుతుంది. ఆ మధ్యలో నాలుగుసార్లు మేత మాని, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. దీన్ని రైతులు "జ్వరం" అంటారు. మొదటి జ్వరం, రెండో జ్వరం అని లెక్కపెడతారు. జ్వరంలో ఉన్న పురుగుకు మల్బరీ ఆకు వేయరు, కదిలించరు. పడక తేమ పట్టకుండా సున్నం పొడి చల్లి ఊరుకుంటారు. లేచేసరికి పాత చర్మం పక్కన పడి ఉంటుంది, పురుగు మళ్ళీ ఆకు మీద పడుతుంది. చర్మం మారిందే గానీ పురుగు పురుగే, కాకపోతే పెద్దది.

ఎందుకలా? చర్మం విడిపించే ఎక్డైసోన్ అనే హార్మోను పనిచేస్తున్నప్పుడు, పురుగు రక్తంలో బాల్య హార్మోను అనే మరో రసాయనం కూడా నిండుగా ఉంటే, పురుగు నుంచి పురుగే వస్తుంది. ఎదుగుదల చివర ఆ బాల్య హార్మోను తగ్గిపోయినప్పుడు, అదే ఎక్డైసోన్ ఈసారి ప్యూపాను తయారుచేస్తుంది. ఎక్డైసోన్‌ను 1954లో బూటెనాంట్, కార్ల్‌సన్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు మొదటిసారి శుద్ధరూపంలో వేరుచేశారు. అరటన్ను పట్టుపురుగు ప్యూపాల నుంచి వాళ్ళకు దక్కినది 25 మిల్లీగ్రాములు. అంటే రూపం మారడానికి కొత్తగా వచ్చి చేరినది ఏదీ లేదు. బాల్యాన్ని పట్టి ఉంచినది తప్పుకుంది.

సాధనలో మనం మార్పు అనుకునేవి చాలావరకు జ్వరాలే అని నాకు అనిపిస్తుంది. ఒకప్పుడు నా ఉద్యోగం, నా హోదా అన్నవాణ్ణే, ఇప్పుడు నా ధ్యానం, నా గురువు అంటాను. చర్మం కొత్తది, పురుగు ఇంకొంచెం లావైంది. ఇది నిందగా అనడం లేదు. నాలుగు జ్వరాలు పడకుండా ఏ పురుగూ గూటికి ఎక్కదు. ఇంకో మాట కూడా ఇక్కడే అనేస్తాను. బాల్య హార్మోనును పోలిన మందును తగు మోతాదులో చల్లితే పట్టుపురుగు మరికొంత కాలం పురుగుగానే ఉండి, మరింత తిని, ఎక్కువ పట్టు ఇస్తుంది. శిష్యులను ఎప్పటికీ శిష్యులుగానే ఉంచే చోట్లు కొన్ని నేను చూశాను. పురుగు పురుగుగా ఉండిపోవడం ఎవరికి లాభమో మీరే ఆలోచించుకోండి.

ఇక మన గ్రంథాల సంగతి. గొంగళిపురుగు సీతాకోకచిలుక కావడం మన వేదాంతంలో ప్రసిద్ధమైన దృష్టాంతం కాదు. దాని స్థానంలో మనకు ఉన్నది భ్రమరకీటక న్యాయం. గోడమూలల్లో మట్టితో గూడు కట్టే కందిరీగ ఒక పురుగును తెచ్చి అందులో బంధిస్తుంది. ఆ పురుగు భయంతో కందిరీగనే తలుస్తూ తలుస్తూ చివరికి కందిరీగ అయిపోతుంది. భాగవతం సప్తమ స్కంధంలో నారదుడు ధర్మరాజుకు ఈ ఉదాహరణ చెప్పి, ద్వేషంతో తలచినా భయంతో తలచినా శిశుపాలుడూ కంసుడూ హరినే చేరారంటాడు. ఏకాదశ స్కంధంలో అవధూత తన ఇరవై నలుగురు గురువుల కథ చెబుతూ ఈ కందిరీగను చివర నిలుపుతాడు.

జంతుశాస్త్రవేత్తగా నేను చెప్పవలసిన కఠినమైన మాట ఒకటి ఉంది. ఆ మట్టిగూటిలో జరిగేది ధ్యానం కాదు. కందిరీగ ఆ పురుగును కుట్టి, చంపకుండా, కదలలేని స్థితిలో లోపల పెట్టి, పక్కన తన గుడ్డు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ పురుగును తిని పెరిగి, కందిరీగగా మారి మట్టిని తొలుచుకుని బయటికి వస్తుంది. లోపలికి పురుగు వెళ్ళింది, బయటికి కందిరీగ వచ్చింది. చూసినవాళ్ళు రెంటినీ కలిపారు. ఈ సంగతి మొదటిసారి మా గురువుగారికి చెప్పినప్పుడు ఆయన ఏమీ నొచ్చుకోలేదు. దృష్టాంతం ఒక అంశానికే ఉపయోగపడుతుంది గానీ అన్నిటికీ కాదని చెప్పి, అవధూత చెప్పిన శ్లోకంలోని చివరి మాట చదవమన్నారు. "పూర్వరూపమసంత్యజన్" అని ఉంది అక్కడ. పూర్వరూపాన్ని విడిచిపెట్టకుండానే ఆ పురుగు కందిరీగతో సామ్యం పొందుతుందని అర్థం. మీ ప్రశ్న చదివినప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చినది ఆ ఒక్క మాటే. పాత మనిషి ఆనవాలు లేకుండా పోవాలని ఆ శ్లోకం అడగలేదు.

బృహదారణ్యకంలోనూ ఈ ధోరణే ఉంది. గడ్డిపరక కొనకు పాకిన పురుగు, మరో పరకను పట్టుకున్న తరువాతే వెనక దేహాన్ని లాక్కుంటుందని అక్కడ జీవుడి ప్రయాణానికి పోలిక. వెంటనే తరువాతి మంత్రంలో కంసాలి వస్తాడు; ఉన్న బంగారాన్నే తీసుకుని మరింత కొత్తదీ మరింత మంగళకరమూ అయిన రూపం చేస్తాడు. ఉపనిషత్తు కంసాలిని "పేశస్కారి" అంటుంది, భాగవతం కందిరీగను "పేశస్కృత్" అంటుంది. రెండూ రూపం తీర్చేవాడనే అర్థమిచ్చే మాటలే. బంగారాన్ని పారవేసే కంసాలి ఎక్కడా లేడు.

అయితే మీ కోపం? 2008లో అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పొగాకు గొంగళిపురుగులకు ఒక ఘాటైన వాసన చూపించి, వెంటనే స్వల్పంగా విద్యుత్ షాక్ ఇచ్చి, ఆ వాసన అంటే తప్పుకునేలా నేర్పారు. ఎదుగుదల చివరి దశలో నేర్చుకున్న పురుగులు ప్యూపా దాటి శలభాలైన తరువాత కూడా ఆ వాసనకు దూరంగా జరిగాయి. చిన్నతనంలో నేర్చుకున్నవి మాత్రం శలభ దశలో దాన్ని గుర్తుంచుకోలేదు. కండరాలు కరిగి, నోరు మారి, రెక్కలు వచ్చిన ప్రాణి కూడా తన దెబ్బను మోసుకునే వచ్చింది. దీన్నిబట్టి మనుషుల కోపానికి సూత్రం తయారు చేయడం తప్పు. పోలికను పోలికగానే ఉంచుదాం. కానీ అన్నగారి పేరు వినగానే మీ మనసు ముడుచుకోవడం, మీ రెండేళ్ళ సాధన వ్యర్థమైనదనడానికి సాక్ష్యం కాదని చెప్పడానికి ఇది చాలు. నన్ను అడిగితే మరొకటి గమనించమంటాను. పురుగుకూ సీతాకోకచిలుకకూ అసలు తేడా రెక్కల కంటే ముందు నోటిలో ఉంది. ఆకులు కొరికే దవడలు పోయి తేనె పీల్చే తొండం వచ్చింది. ఆ కోపం వచ్చినప్పుడు దాన్ని ఎన్నాళ్ళు నములుతున్నారు? ఆరునెలలు నమిలినవారు ఇప్పుడు ఆరు రోజులకు వదిలేస్తున్నారా? ఇంట్లోవాళ్ళు "ఏం మారారు" అనడానికి కారణం, వాళ్ళు రెక్కల కోసం చూడటం కావచ్చు.

గూడు కట్టుకోవడం గురించి. ఇక్కడ మన సంప్రదాయానికీ, మీరు విన్న ప్రసంగానికీ తేడా బాగా కనిపిస్తుంది. శంకరుల పేరిట ప్రసిద్ధమైన వివేకచూడామణిలో పట్టుపురుగు వస్తుంది గానీ, అది బంధానికి ఉదాహరణగా వస్తుంది: దేహమే నేననుకున్నవాడు పట్టుపురుగు తన దారాలతో తననే చుట్టుకున్నట్టు విషయాలతో తనను తాను చుట్టుకుంటాడని. పట్టు పరిశ్రమను చూసినవారికి ఇది కావ్యకల్పనలా అనిపించదు. ఒక్కో గూటిలో సుమారు కిలోమీటరు పొడవున తెగని దారం ఉంటుంది. అది తెగకుండా ఉండాలని, శలభం బయటికి రాకముందే గూళ్ళను వేడిగాలిలో పెట్టి లోపలి ప్యూపాను చంపుతారు. ఇదే పురుగును 1577లో స్పెయిన్‌లో ఆవిలా తెరెసా అనే సన్యాసిని ఆత్మకు ఉదాహరణగా తీసుకుని, గూటిలో పురుగు చనిపోయి తెల్లని చిన్న సీతాకోకచిలుకగా బయటికి వస్తుందని రాసింది. తాను ఇది కళ్ళారా చూడలేదని, విన్నదే రాస్తున్నానని ఆమె నిజాయితీగా ఒప్పుకుంది. నాకు ఆమె మాటల్లో నచ్చినది ఆ తరువాతి భాగం: బయటికి వచ్చిన ఆ సీతాకోకచిలుకకు కుదురు ఉండదు, ఎక్కడ వాలాలో తెలియక అల్లల్లాడుతుంది అంటుంది. శిబిరం నుంచి వచ్చాక మీరు రాసిన అశాంతి ఆమెకు కొత్తగా తోచేది కాదు.

ఒకే గూడు ఒకరికి చెర, మరొకరికి గర్భం. కాబట్టి ఏడాది ఏకాంతం మంచిదా చెడ్డదా అని గూటిని అడిగితే సమాధానం రాదు. తండ్రి మరణమూ అన్నతో తగవూ ఒకేసారి మీద పడినవారు, నిద్రా ఆకలీ సరిగా లేవని రాసినవారు, ఒంటరిగా ఏడాది గడపడం నాకు సమ్మతం కాదు. ముందు ఒక మంచి మానసిక వైద్యులను కలవండి. "సీతాకోకచిలుక గూటిలోంచి బయటపడేటప్పుడు జాలిపడి సాయం చేస్తే రెక్కలు రావు, కాబట్టి ఎవరి పోరాటం వారే చేయాలి" అనే కథ మీకు ఎవరైనా చెప్పే ఉంటారు. ఆ కథ చెప్పి కష్టంలో ఉన్నవారిని ఒంటరిగా వదిలేసిన వాళ్ళను చూశాను గనుక కొంచెం గట్టిగా చెబుతున్నాను. ప్యూపా పెంకు పగలడానికి పట్టేది ఒకటి రెండు నిమిషాలే. అసలు పని ఆ తరువాతే ఉంది. ముడతలు పడిన తడి రెక్కలతో అది ఎక్కడైనా తలకిందులుగా వేలాడాలి. అలా వేలాడుతూ ఒంట్లోని ద్రవాన్ని రెక్కల నరాలలోకి పంపి వాటిని విప్పుకోవాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, తరగతిలో చూపిద్దామని నేను ఒక ప్యూపాను నున్నటి గాజు సీసాలో పెట్టాను. తెల్లవారి చూసేసరికి సీతాకోకచిలుక బయటికి వచ్చి, పట్టు దొరకక గాజు మీద జారి జారి, అడుగున పడి ఉంది. దాని చుట్టూ ఎర్రటి విసర్జన మరక. రెక్కలు నలిగిన కాగితంలా ఎండిపోయాయి. అది పోరాడక కాదు. పట్టుకోవడానికి సీసాలో ఒక పుల్ల లేదు, ఆ పుల్ల పెట్టవలసినవాణ్ణి నేను. అప్పటి నుంచి గాలికి రాలిన ప్యూపా దొరికితే తోక దగ్గర దారం కట్టి కొమ్మకు వేలాడదీస్తున్నాను; చాలావరకు చక్కగానే ఎగిరిపోతాయి.

అందరికీ దూరంగా వెళ్ళాలా అన్న ప్రశ్న ఒక్కటే మిగిలింది. మొన్న వాన వెలిశాక మా కరివేపాకు చెట్టు మీద ఒక ఆడ సీతాకోకచిలుక వాలింది. ఏ చెట్టు ఆకులు తిని పెరిగిందో అటువంటి చెట్టు దగ్గరికే వచ్చింది, అయితే తినడానికి రాలేదు. తినే నోరు దానికి ఇప్పుడు లేదు. ముందరి కాళ్ళతో లేత ఆకును టకటకా తట్టి రుచి చూసింది, ఆ కాళ్ళకే రుచి తెలుస్తుంది. ఒక ఆకు నచ్చలేదు కాబోలు, పక్క ఆకు మీదికి మారి, మళ్ళీ తట్టి, పొట్ట వంచి ఆవగింజ కంటే చిన్న లేత పసుపు గుడ్డు ఒకటి అంటించి వెళ్ళిపోయింది. ఈ దీపావళికి అన్నగారింటికి వెళ్ళాలా వద్దా అని మీరు చివర్లో రాశారు. వెళ్ళి రండి, ఆస్తి మాట ఎత్తకుండా ఒక పూట ఉండి రండి.